ఆరు గడుల్లో ఇమడని చైనా టీలు

గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్ టీ అని పేర్లు వేరైనా అన్నిటికీ మొక్క ఒక్కటే. కమెల్లియా సైనెన్సిస్ అనే ఆ మొక్క కొమ్మ చివరి మొగ్గనూ, దాని కింది లేతాకులనూ కోశాక వాటిని ఏం చేశారన్న దాన్ని బట్టే టీ రకం తేలుతుంది. ఈ సంగతి ఐరోపా శాస్త్రజ్ఞులకు చాలాకాలం తెలియలేదు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1762లో గ్రీన్ టీ మొక్క ఒక జాతి అనీ, బ్లాక్ టీ మొక్క మరో జాతి అనీ విడదీశాడు. 1840లలో చైనా తోటలు తిరిగి చూసిన స్కాట్లాండ్ వాసి రాబర్ట్ ఫార్చ్యూన్, రెండూ ఒకే మొక్క ఆకులేననీ, తేడా అంతా తయారీలోనే ఉందనీ తేల్చాడు.

చైనాలో ఇప్పుడు చలామణిలో ఉన్న వర్గీకరణకు రూపమిచ్చినవాడు ఆన్‌హుయ్ వ్యవసాయ కళాశాల ఆచార్యుడు చెన్ చ్వాన్ (1908–1999). ఆయన 1979లో టీలను ఆరు రకాలుగా విభజించాడు: గ్రీన్, ఎల్లో, వైట్, ఊలాంగ్, బ్లాక్, డార్క్. ఈ విభజనకు ఆధారాలు రెండు. ఒకటి తయారీ పద్ధతి, రెండోది ఆకులోని పాలీఫీనాళ్లు ఎంతవరకు ఆక్సీకరణం చెందాయన్నది. ఈ ఆరు గడులనే చైనా 2014లో జాతీయ ప్రమాణంగా తీసుకుంది. 2023లో ఐఎస్ఓ 20715 పేరుతో అవే అంతర్జాతీయ ప్రమాణం అయ్యాయి.

ఈ పట్టిక కొన్ని విషయాలను ముందే ఖాయం అనుకుంటుంది. కోసేటప్పుడు ఆకు పచ్చగా ఉంటుంది. తయారీకి ఒక ముగింపు ఉంటుంది. ఆకు మారేది మనిషి చేతిలోనే. గిన్నెలో టీ ఆకు తప్ప మరొకటి ఉండదు. మొక్క ఒకే జాతికి చెందుతుంది. చైనాలోని అరుదైన టీల్లో ఒక్కొక్కటి వీటిలో ఏదో ఒకదాన్ని తప్పిస్తుంది. ఎక్కడ ఎలా తప్పిస్తుందో తెలియాలంటే, ముందు ఆ ఆరు రకాలు ఎలా తయారవుతాయో చూడాలి.

ఆకు నుంచి ఆరు రకాలు

లేత టీ ఆకులో కాటెచిన్లు అనే పాలీఫీనాళ్లు సమృద్ధిగా ఉంటాయి. టీకి వగరు వచ్చేది వీటి వల్లే. ఆకు కణంలో ఇవి ఒక అరలో ఉంటే, వీటిని ఆక్సీకరించే పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము మరో అరలో ఉంటుంది. ఆకు నలిగితే అరల గోడలు తెగి రెండూ కలుస్తాయి, గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడేది కూడా ఈ కుటుంబపు ఎంజైము వల్లే. టీ ఆకులో ఈ చర్య సాగేకొద్దీ కాటెచిన్లు ముందు బంగారు ఎరుపు రంగు థియాఫ్లావిన్లుగా, తర్వాత గోధుమ ఎరుపు థియారూబిజిన్లుగా మారతాయి. రంగు ముదురుతుంది, వగరు తగ్గుతుంది.

గ్రీన్ టీకి ఈ చర్యను మొదట్లోనే ఆపేస్తారు. కోసిన ఆకును కాలిన ఇనప మూకుడులో గానీ ఆవిరిలో గానీ వేడి చేస్తే ఎంజైము పనిచేయడం మానేస్తుంది. చైనాలో ఈ దశను షాచింగ్ అంటారు. ఎల్లో టీకి కూడా ఇలాగే వేడి చేస్తారు. తర్వాత ఆ తడి ఆకును కాగితంలో గానీ గుడ్డలో గానీ చుట్టి ముగ్గబెడతారు. వైట్ టీకి వేయించడమూ ఉండదు, నలపడమూ ఉండదు. నెమ్మదిగా వాడబెట్టి ఆరబెడతారు, అంతే. ఊలాంగ్ ఆకును వాడబెట్టి, జల్లెడల్లో కుదిపి, అంచులు మాత్రమే కమిలేలా చేసి, కోరిన దశకు రాగానే వేడితో ఆపుతారు. బ్లాక్ టీ ఆకును బాగా నలిపి ఆక్సీకరణాన్ని పూర్తిగా సాగనిస్తారు. డార్క్ టీకి షాచింగ్ అయ్యాక ఆకును తడిగా కుప్పపోసి సూక్ష్మజీవులకు వదులుతారు.

నెల్లూరు తీరంలో, ఆ మాటకొస్తే తెలుగునాట అంతటా, రోజూ తాగే టీ ఈ ఆరింటిలో ఒకే ఒక్క గడిలోకి వస్తుంది. 1930లలో అస్సాంలో విలియం మెకెర్చర్ ఒక యంత్రాన్ని ప్రవేశపెట్టాడు. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చీల్చి, చుట్టే ఆ పద్ధతినే సీటీసీ అంటారు. ఆకు ముక్కముక్కలయ్యాక ఆక్సీకరణం చాలా త్వరగా పూర్తవుతుంది. దక్షిణ భారతంలో ఎక్కువగా అమ్ముడుపోయే డస్ట్ టీ ఇలా వచ్చిన బ్లాక్ టీయే. పాలు, చక్కెర పోసినా మరుగున పడనంత చిక్కటి డికాక్షన్ దిగడం దీని గుణం.

చైనా సరుకు మాత్రం ఈ తీరానికి కొత్త కాదు. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో జరిగిన తవ్వకాల్లో మధ్యయుగాల నాటి చైనా పింగాణీ ముక్కలు దొరికాయి. ఉత్తరాన మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం సుంకం కట్టాల్సిన సరుకుల్లో చీనా కర్పూరాన్నీ, పట్టునూ పేర్కొంది. టీ ఆ జాబితాలో లేదు. టీ అలవాటు తెలుగు తీరానికి చైనా ఓడల మీద రాలేదు. ఆంగ్లేయుల కాలంలో అస్సాం, నీలగిరి తోటలు పెరిగాక వచ్చింది. మిగిలిన ఐదు రకాలూ, వాటి అంచుల మీద ఉన్న విచిత్రమైన టీలూ ఇక్కడి వారికి కొత్తగా తోచడానికి కారణం అదే.

పచ్చగా లేని ఆకులు

జెజియాంగ్ రాష్ట్రం ఆన్‌జీ జిల్లాలో పండే ఆన్‌జీ బైచాను పేరును బట్టి వైట్ టీ అనుకుంటారు. కానీ దీన్ని వేయించి తయారుచేస్తారు కాబట్టి, వర్గీకరణ ప్రకారం ఇది గ్రీన్ టీ. తెలుపు ఉన్నది ఆకులోనే. 1980ల మొదట్లో ఆ జిల్లా కొండల్లో కనిపించిన ఒక పాత చెట్టు కొమ్మల నుంచి ఈ సాగురకాన్ని వృద్ధి చేశారు. వసంతంలో ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్నంతకాలం దీని చిగుళ్లలో పత్రహరితం సరిగా ఏర్పడదు. ఆకు పాలిపోయి తెల్లగా వస్తుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఎండలు ముదిరితే అదే ఆకు పచ్చబడుతుంది. కోత ఆ తెల్లని వారాల్లోనే జరగాలి.

ఈ లోపమే దీని రుచికి మూలం. పత్రహరితం, దానికి తోడుండే ప్రోటీన్లు తయారు కాకపోవడంతో ఆకులో అమైనో ఆమ్లాలు పేరుకుంటాయి. మామూలు గ్రీన్ టీలో ఎండు బరువులో 2 నుంచి 4 శాతం ఉండే అమైనో ఆమ్లాలు ఇందులో 5 శాతం దాటతాయి. వాటిలో ప్రధానమైనది థియానిన్. పాలీఫీనాళ్లు మాత్రం తక్కువ. అందుకే దీని కషాయంలో వగరు దాదాపు తెలియదు, తియ్యదనంతో కూడిన ఒక కమ్మదనం నాలుకకు తగులుతుంది.

యున్నాన్ రాష్ట్రంలోని జిజ్వాన్ ఇందుకు ఎదురు దిశలో ఉంటుంది. మెంగ్‌హాయ్‌లోని టీ పరిశోధనా సంస్థ తోటల్లో 1985లో గుర్తించిన ఈ రకంలో చిగురు, ఆకు, కాడ మూడూ ఊదా రంగులో ఉంటాయి. నేరేడు పండుకు ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లే దీనికీ కారణం. ఇవి ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి లేతాకును కాపాడతాయని భావిస్తారు. జిజ్వాన్ ఆకుతో గ్రీన్ టీ చేయవచ్చు, బ్లాక్ టీ చేయవచ్చు, తర్వాత చెప్పుకోబోయే పు-అర్ కూడా చేయవచ్చు. పట్టికలో దీనికంటూ ప్రత్యేకంగా గడి లేదు. కానీ తాగేవారు దీన్ని గుర్తుపట్టేది తయారీతో కాదు, రంగుతోనే. గ్రీన్ టీగా చేసినదాన్ని వేడినీళ్లలో వేస్తే లేత ఊదా కషాయం దిగుతుంది. అందులో నిమ్మరసం పిండితే ఆంథోసయనిన్లు ఆమ్లానికి స్పందించి గులాబీ రంగులోకి తిరుగుతాయి.

గ్రీన్‌కూ ఎల్లోకూ మధ్య పలచటి గీత

ఆరింటిలో అన్నిటికన్నా తక్కువగా దొరికేది ఎల్లో టీ. హునాన్‌లోని దోంగ్‌తింగ్ సరస్సు ద్వీపంలో తయారయ్యే జున్‌షాన్ యింజెన్, సిచువాన్‌లోని మెంగ్‌దింగ్ హువాంగ్యా, ఆన్‌హుయ్‌లోని హువోషాన్ హువాంగ్యా వీటిలో పేరున్నవి. గ్రీన్ టీకీ వీటికీ తేడా ముగ్గబెట్టే దశ ఒక్కటే. ఎంజైములు అప్పటికే నశించి ఉంటాయి కాబట్టి, జరిగే మార్పు అంతా తేమ, వేడి, కాలం వల్లనే. పత్రహరితం విరిగి ఆకుకు పసుపు ఛాయ వస్తుంది. కాటెచిన్లలో కొంత రూపం మారి వగరు మెత్తబడుతుంది. జున్‌షాన్ యింజెన్‌ను కాగితంలో చుట్టి ముగ్గబెట్టడం, ఆరబెట్టడం విడతలుగా జరుగుతాయి. మొత్తం తయారీకి మూడు రోజుల వరకు పడుతుంది.

ఇంత శ్రమ పడినా ధర గ్రీన్ టీతో సమానంగా ఉంటే, ఆ దశను తగ్గించడమో ఎగ్గొట్టడమో తయారీదారుకు లాభం. ఎల్లో టీ పేరుతో అమ్ముడయ్యే హువోషాన్ హువాంగ్యాలో కొంత నిజానికి గ్రీన్ టీ అయి ఉండటానికి కారణం ఇదే. ముగ్గబెట్టిన గంటలు తగ్గేకొద్దీ ఆ టీ ఒక గడి నుంచి మరో గడిలోకి జారుతుంది. ఫలానా గంటకు అది మారిందని చెప్పే గీత ఏదీ లేదు.

హువోషాన్‌లోనే తయారయ్యే హువాంగ్‌దాచా మరో చిక్కు తెస్తుంది. మిగతా ఎల్లో టీలు లేత మొగ్గలతో తయారైతే దీనికి నాలుగైదు ముదురాకులున్న కొమ్మను కాడతో సహా కోస్తారు. ముగ్గబెట్టాక బొగ్గుల నిప్పు మీద చాలా ఎక్కువ వేడికి వేయిస్తారు. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసే మెయిలార్డ్ చర్యతో పైరజిన్లు పుట్టి, అడుగంటిన అన్నం మాడుపెచ్చు వాసన వస్తుంది. పట్టికలో ఇది జున్‌షాన్ యింజెన్ పక్కనే కూర్చుంటుంది. గిన్నెలో మాత్రం రెండింటికీ పోలిక లేదు.

కాలంతో గడి మారే టీ

వర్గీకరణను అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టినది యున్నాన్ పు-అర్. అక్కడి పెద్దాకు టీ చెట్ల ఆకును వేయించి, నలిపి, ఎండలో ఆరబెడతారు. ఈ దశ వరకు అది ఎండలో ఆరిన గ్రీన్ టీయే. దాన్ని ఆవిరి పట్టి బిళ్లలుగా ఒత్తితే పచ్చి పు-అర్ అవుతుంది. ఒక బిళ్ల బరువు సాధారణంగా 357 గ్రాములు. ఏడు బిళ్లలు కలిపి కట్టే వెదురు పొరల కట్ట సుమారు 2.5 కిలోలు తూగుతుంది.

కొత్త బిళ్ల కషాయం లేత పసుపు రంగులో, చేదుగా, వగరుగా ఉంటుంది. రసాయనికంగా చూసినా గ్రీన్ టీకి దగ్గరే. ఒక తేడా ఉంది. దీన్ని వేయించే వేడి తక్కువ కావడంతో ఎంజైములు పూర్తిగా నశించవు. ఎండలో ఆరిన ఆకులో మిగిలిన తేమతో పాటు సూక్ష్మజీవులూ బిళ్లలో నిలుస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ కాటెచిన్లు తగ్గి, థియాబ్రౌనిన్లు అనే ముదురు గోధుమ రంగు పదార్థాలు పెరుగుతాయి. ఇరవై ముప్పై ఏళ్ల బిళ్ల కషాయం ఎర్రటి గోధుమ రంగులో మెత్తగా, డార్క్ టీలా ఉంటుంది. కొనేనాటికి ఒక గడికి చెందిన టీ, తాగేనాటికి మరో గడికి చేరుతుంది. చైనా 2008లో పు-అర్‌కు విడిగా ఒక జాతీయ ప్రమాణం ఏర్పరచి యున్నాన్‌లోని నిర్ణీత ప్రాంతానికి పరిమితం చేసింది. పచ్చి పు-అర్ గ్రీన్ టీయా, డార్క్ టీయా అన్న వాదం మాత్రం ఆగలేదు.

ఆ మార్పు ఎంత త్వరగా జరుగుతుందన్నది నిల్వ చేసిన ఊరి వాతావరణం మీద ఆధారపడుతుంది. సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉన్న కున్‌మింగ్ పొడి గాలిలో పు-అర్ నెమ్మదిగా ముదురుతుంది. ఉక్కపోతగా ఉండే హాంకాంగ్ గోదాముల్లో అదే బిళ్ల త్వరగా రంగు మారి, నేల మట్టి వాసన పట్టుకుంటుంది. ఇంత నెమ్మదైన పనిని వారాల్లో ముగించడానికి కున్‌మింగ్ టీ కర్మాగారం 1973లో ప్రయోగాలు మొదలుపెట్టింది. ఎండిన ఆకును సుమారు మీటరు ఎత్తున కుప్పపోసి, నీళ్లు చల్లి, కప్పి ఉంచే ఈ పద్ధతిని వోదుయ్ అంటారు. కుప్ప లోపల వేడి 50 నుంచి 60 డిగ్రీలకు చేరుతుంది. ఆస్పర్‌జిల్లస్ నైగర్ వంటి శిలీంధ్రాలు, కొన్ని ఈస్టులు పనిచేస్తాయి. మధ్యమధ్య కుప్పను తిరగేస్తూ ఒకటిన్నర, రెండు నెలలు ఉంచితే పండిన పు-అర్ తయారవుతుంది. దీని తరగతి విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఇది డార్క్ టీ.

అదే పెద్దాకును వేయించకుండా నెమ్మదిగా వాడబెట్టి ఆరబెడితే యుఎగ్వాంగ్‌బాయ్ వస్తుంది. ఆకు పైవైపు నల్లగా, కిందివైపు నూగుతో తెల్లగా ఉంటుంది. తయారీని బట్టి ఇది వైట్ టీ. కానీ పెద్దాకులో ఎంజైము చురుకుగా ఉండి, వాడబెట్టే గంటల్లోనే ఆక్సీకరణం బాగా సాగుతుంది. అందువల్ల రుచిలో ఇది బ్లాక్ టీ వైపు మొగ్గుతుంది.

బూజు, బాక్టీరియా చేసే టీలు

డార్క్ టీ గడిలో ఉన్న టీలన్నీ కుప్పపోసి చేసినవే అయినా, వాటిలో పనిచేసే జీవులు ఒకటి కావు. హునాన్‌లోని ఆన్‌హువాలో, షాన్‌షీలోని జింగ్‌యాంగ్‌లో తయారయ్యే ఫు ఇటుక టీని పగలగొడితే లోపల పసుపు చుక్కలు చిక్కగా కనబడతాయి. తయారీదారులు వీటిని బంగారు పూలు అంటారు. ఇవి యూరోషియం క్రిస్టాటమ్ అనే శిలీంధ్రపు బీజకోశాలు. ఒత్తిన ఇటుకలను సుమారు 28 డిగ్రీల వేడి, తగినంత తేమ ఉన్న గదిలో వారాల తరబడి ఉంచి ఈ శిలీంధ్రాన్ని కావాలని పెంచుతారు. చైనా ప్రమాణం ప్రకారం గ్రాము టీలో ఇది కనీసం 2 లక్షల సంఖ్యలో ఉండాలి. ఆహారం మీద బూజు కనబడితే పారేయడం లోకరీతి. ఇక్కడ ఆ బూజు చాలకపోతే సరుకు నాణ్యత తగ్గినట్టు లెక్క.

గ్వాంగ్‌షీలోని వూజౌ ప్రాంతపు ల్యుబావ్ టీని గంపల్లో కుక్కి, చల్లని తేమ గోదాముల్లో ఏళ్ల తరబడి నిల్వ చేస్తారు. బాగా ముదిరిన ల్యుబావ్‌కు వక్క వాసన ఉండాలని దాన్ని తాగేవారు ఆశిస్తారు. 19వ శతాబ్దంలో మలయా తగరపు గనులకు వెళ్లిన చైనా కూలీలు ఉక్కపోతలో దీన్నే తాగేవారు. నదుల మీదుగా గ్వాంగ్‌జౌకూ, అక్కడి నుంచి ఓడల్లో ఆగ్నేయాసియాకూ ఈ గంపలు సాగాయి. తేమ ప్రయాణం దీని తయారీలో ఒక భాగమైంది.

యున్నాన్‌లోని దె-ఆంగ్, బులాంగ్ తెగల పుల్ల టీ మాత్రం డార్క్ టీ గడిలోనూ సరిగా కుదరదు. ఆకును ఉడికించి, వెదురు బొంగుల్లో గట్టిగా కుక్కి, మూతి మూసి, నెలల తరబడి మట్టిలో పాతిపెడతారు. గాలి ఆడని ఆ చోట శిలీంధ్రాలకు పెద్దగా పని ఉండదు. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పెరిగి ఆకును పులియబెడుతుంది. తవ్వి తీసిన ఆకును ఎండబెట్టి కాచుకుంటారు, లేదా ఉప్పు, కారం కలిపి తినేస్తారు. బర్మాలో లఫెట్, ఉత్తర థాయిలాండ్‌లో మియాంగ్ అనే తినే టీలు దీనికి దగ్గరి బంధువులు. ఆరు రకాల పట్టిక తాగే టీ కోసం తయారైంది. ఇది ఊరగాయ కిందకూ వస్తుంది, పానీయం కిందకూ వస్తుంది. దె-ఆంగ్ పుల్ల టీ తయారీ 2021లో చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేరింది. 2022లో యునెస్కో గుర్తించిన చైనా టీ తయారీ సంప్రదాయాల్లోనూ దీనికి చోటు దక్కింది.

పురుగు కరిచిన ఆకు, పురుగు తిన్న ఆకు

నెల్లూరు డెల్టా వరి రైతు దోమ జాతి పురుగులను చూస్తే మందు పిచికారీకి సిద్ధమవుతాడు. తైవాన్‌లోని సించూ, మియావోలి కొండల్లో టీ రైతు ఆ కోవకే చెందిన పురుగు కోసం ఎదురుచూస్తాడు. ఎంపోయాస్కా ఒనుకియి అనే చిన్న పచ్చదోమ వేసవిలో లేత చిగుళ్ల రసం పీలుస్తుంది. కరిచిన చోట ఆకు పసుపుబారి ముడుచుకుంటుంది, ఎదుగుదల ఆగుతుంది. మొక్క ఆత్మరక్షణకు కొన్ని సువాసన పదార్థాలను తయారు చేస్తుంది. వాటిలో లినలూల్ ఉత్పన్నాలు, హోట్రియెనాల్ ముఖ్యమైనవి. ఆ ఆకుతో చేసిన డోంగ్‌ఫాంగ్ మెయిరెన్ అనే టీకి తేనె, పండిన ద్రాక్ష వాసన వస్తుంది.

తయారీలో ఇది ఊలాంగ్. కానీ చాలా ఊలాంగ్‌ల కంటే దీని ఆక్సీకరణం బాగా ఎక్కువ. కషాయం రంగు బ్లాక్ టీకి దగ్గరగా ఉంటుంది. రుచిలో కీలక భాగం ఆకు కోయక ముందే, తోటలోనే పూర్తయి ఉంటుంది. ఆరు రకాల వర్గీకరణ మాత్రం కోత తర్వాతి దశలనే లెక్కిస్తుంది. పురుగు వంతు దానికి కనబడదు. మన దేశంలో డార్జిలింగ్ రెండో కోతకు వచ్చే మస్కటెల్ వాసనలో కూడా ఇలాంటి పురుగుల పాత్ర ఉంది. మందు కొడితే ఈ టీ రాదు కాబట్టి ఆ తోటల్లో పురుగుమందుల వాడకాన్ని తగ్గించుకోక తప్పదు.

గ్వీజౌ, హునాన్, గ్వాంగ్‌షీ కొండల్లో మియావో, దోంగ్ తెగలవారు చేసే పురుగు టీ ఇంకా దూరం పోతుంది. కొన్ని అడవి చెట్ల ఆకులను కుప్పపోసి, నీళ్లు చల్లి, నిల్వ ఉంచితే చిన్న రెక్కల పురుగులు గుడ్లు పెడతాయి. గొంగళిపురుగులు ఆ ఆకులను తిని, నల్లని గింజల్లాంటి విసర్జనాన్ని వదులుతాయి. దాన్ని జల్లెడ పట్టి, ఎండబెట్టి, వేయించి, వేడినీళ్లలో చిటికెడు వేస్తే ముదురు ఎరుపు కషాయం దిగుతుంది. ఇందుకు వాడే ఆకులు చాలా వరకు టీ మొక్కవి కావు. అయినా ఆ ప్రాంతాల్లో ఇది టీగానే చెల్లుతుంది.

పూలూ పొగా తొక్కా

ఆకుకు బయటి వాసన పట్టించిన టీలను చైనా వర్గీకరణ ఆరు రకాల వెలుపల, తిరిగి శుద్ధిచేసిన టీలుగా ఉంచుతుంది. వీటిలో పెద్దది మల్లె టీ. ఫుజౌ నగరం ఇందుకు పాత కేంద్రం. అక్కడి మల్లె, టీ సాగు పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2014లో ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది. మల్లె పుట్టినిల్లు దక్షిణాసియా. తెలుగు ఇళ్ల ముంగిళ్లలో పూసే జాజ్మినం సాంబాక్ జాతి మొక్కే చైనాకు చేరి అక్కడ టీకి జత అయింది.

మొగ్గలను మధ్యాహ్నం కోస్తారు. రాత్రి అవి విచ్చుకునే వేళకు గ్రీన్ టీతో కలిపి పరుస్తారు. ఎండిన టీ ఆకులోని సూక్ష్మరంధ్రాలు పూల వాసననూ తేమనూ పీల్చుకుంటాయి. కుప్ప వేడెక్కితే విప్పి చల్లారుస్తారు. తెల్లవారాక వాడిన పూలను జల్లించి, ఆకును మళ్లీ ఆరబెడతారు. మేలురకం టీకి ఈ పనిని కొత్త పూలతో ఆరేడు సార్లు చేస్తారు. చివరి సరుకులో పూరేకు కనబడకపోయినా వాసన నిలిచి ఉంటుంది.

వూయీ కొండల్లోని తోంగ్‌ము ఊరి లాప్సాంగ్ సూచాంగ్ బ్లాక్ టీయే. పైన్ కట్టెల పొగలో వాడబెట్టి ఆరబెట్టడంతో గ్వయాకాల్ వంటి పొగ ఫీనాళ్లు ఆకులో దిగుతాయి. అదే ఊళ్లో 2005లో రూపుదిద్దుకున్న జిన్‌జున్‌మెయి పొగ లేకుండా కేవలం మొగ్గలతో తయారవుతుంది. ఒకే చోట, ఒకే గడిలో ఉన్న రెండు టీలకు వాసనలో ఒక్క పోలికా లేదు. గ్వాంగ్‌డాంగ్‌లోని షిన్‌హుయ్‌లో పచ్చి కమలాపండు లోపలి గుజ్జు తీసి, తొక్కలో పండిన పు-అర్ నింపి ఆరబెడతారు. తొక్క నూనెలోని లిమొనీన్ టీలోకి దిగుతుంది. డార్క్ టీ, పండు తొక్క ఒకటిగా ముదిరే ఈ సరుకు రెండు మూడు గడులకు ఒకేసారి చెందుతుంది.

టీ మొక్క సరిహద్దు దాటితే

ఆరు రకాలకూ పునాది కమెల్లియా సైనెన్సిస్. ఆ ప్రజాతిలోనే వేరే జాతుల ఆకును కాచుకునే ప్రాంతాలూ చైనాలో ఉన్నాయి. గ్వాంగ్‌డాంగ్‌లోని నాన్‌కున్ కొండల్లో పెరిగే కోకో టీ చెట్టును చాంగ్ హుంగ్-తా అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1981లో కమెల్లియా టిలోఫిల్లాగా వర్ణించాడు. ఈ ఆకులో కెఫీన్ దాదాపు ఉండదు. దానికి బదులు చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ ఉంటుంది. టీ మొక్క థియోబ్రోమిన్‌కు ఒక మిథైల్ సమూహాన్ని కలిపి కెఫీన్‌గా మారుస్తుంది. కోకో టీ చెట్టులో ఆ చివరి మెట్టును నడిపే ఎంజైముకు ఆ పని చేతకాదు. పనంతా ఒక అడుగు ముందే నిలిచిపోతుంది. 2018లో ఫూజియాన్ కొండల్లో గుర్తించిన హోంగ్‌యాచా అనే టీ చెట్టులోనూ ఇలాంటి స్థితే కనబడింది.

యున్నాన్‌లోని కూచా చెట్టు ఇందుకు విరుద్ధం. అది కెఫీన్ దగ్గర ఆగకుండా మరింత ముందుకు పోయి థియాక్రిన్ అనే చేదు పదార్థాన్ని కూడబెడుతుంది. కెఫీన్ నిద్ర చెడగొట్టే వారికి కోకో టీ సరిపడవచ్చు. కూచా చేదును మాత్రం అలవాటున్నవారే తట్టుకుంటారు.

పు-అర్ నగర పరిధిలోని జింగ్‌మాయ్ కొండ పాత టీ అడవులు 2023లో ప్రపంచ వారసత్వ స్థలమయ్యాయి. అక్కడి ముసలి చెట్ల కొమ్మల మీద పీత కాళ్లలా కణుపులు కణుపులుగా పెరిగే ఒక పరాన్నజీవి మొక్కను కోసి, ఎండబెట్టి, పు-అర్‌తో కలిపి కాస్తారు. ఇది విస్కం ప్రజాతికి చెందినది. తెలుగునాట చెట్ల మీద కనిపించే బదనికలకు బంధువు. ఆతిథ్యమిచ్చే చెట్టు నుంచి నీరు, లవణాలు పీల్చుకునే ఈ మొక్క టీ చెట్టు మీదే పెరిగినా టీ మొక్క కాదు. టీ అంగట్లో మాత్రం దీని స్థానం ఖాయం.

పట్టిక చెప్పేది, చెప్పనిది

ఇన్ని మినహాయింపులున్నా ఆరు రకాల పట్టికకు పని తగ్గలేదు. ఆకు ఏ క్రమంలో వేడికి, గాలికి, తేమకు గురైందో అది ఒక్క మాటలో చెబుతుంది. దిగుమతి సుంకాలకు, నాణ్యత పరీక్షలకు, లేబుళ్లకు ఆ ఒక్క మాట అవసరం. ఏ సాగురకం ఆకు, కోతకు ముందు దాన్ని ఏ పురుగు కొరికింది, పొట్లంలో ఎన్నేళ్లు ఉంది, ఏ పూల పక్కన రాత్రి గడిపింది అన్న సంగతులు మాత్రం ఆ మాటలో ఉండవు. అరుదైన టీల విలువ చాలాభాగం ఆ సంగతుల్లోనే ఉంది.

తీర ప్రాంతంలో ఇలాంటి టీలు తెప్పించుకునేవారికి వర్గీకరణ నిల్వ విషయంలో పనికొస్తుంది. నెల్లూరు వంటి చోట గాలిలో తేమ ఎక్కువ, ఈశాన్య రుతుపవనాల నెలల్లో మరీ ఎక్కువ. ఆన్‌జీ బైచా, ఎల్లో టీలు, మల్లె టీ ఈ తేమకు కొద్ది వారాల్లోనే వాసన కోల్పోతాయి. వాటిని గాలి చొరని డబ్బాలో, చల్లని చోట, మసాలా దినుసులకు దూరంగా ఉంచి త్వరగా వాడుకోవాలి. ఫు ఇటుక, ల్యుబావ్, పు-అర్‌లకు కొంత గాలి కావాలి. అయితే అడ్డూ అదుపూ లేని తేమలో వాటి మీద పనికిరాని బూజులూ పెరుగుతాయి. ఫు ఇటుకలోని పసుపు చుక్కలు మామూలే. తెలుపు, పచ్చ, నలుపు రంగుల్లో నూగులాంటి బూజు పైకి కనబడితే ఆ టీని పారేయాలి.